బ్రీడింగ్ అంటే పుట్టుకా? పెంపకమా?

విత్తనాల కొట్టుకెళితే ‘బ్రీడర్ సీడ్’ అంటారు. ఆవును పశువుల ఆస్పత్రికి తోలుకెళితే ‘ఇదేం బ్రీడు?’ అని అడుగుతారు. కోళ్ల షెడ్డులో బ్రూడింగు, పత్తి చేలో క్రాసింగు, సంచి మీద హైబ్రిడ్. ఇంగ్లీషు చదువు లేకపోయినా ఈ మాటలన్నీ మన నోళ్లలో ఎప్పుడో నలిగిపోయాయి. నలిగాయి గానీ, దేనికి ఏ అర్థమో చాలామందికి అందలేదు. అది అందకపోవడం వల్ల దాచుకోవాల్సిన గింజను మిల్లుకు తోలి, కొనక్కర్లేని సంచి అప్పు చేసి కొనే రైతులు ఊరూరా ఉన్నారు. దాచకూడని గింజను దాచి, చేను ఎగుడుదిగుడుగా వచ్చిందని తల పట్టుకునేవాళ్లూ ఉన్నారు. అందుకే ఈ వారం ఎరువులూ పురుగుమందులూ కాస్త పక్కనబెట్టి ఒక్క మాట సంగతి చూద్దాం. ఆ మాట ‘బ్రీడింగ్’.

ఇంగ్లీషువాళ్లకు ఈ మాటతో రెండు పనులున్నాయి. ఒకటి మనకు తెలిసిందే. పశువునో పైరునో ఎంచి కలిపి, సంతతి తీసి, మేలైన జాతిని తయారు చేయడం. రెండో పని వింటే ఆశ్చర్యం వేస్తుంది. మర్యాద, నడవడిక, పెద్దల ముందు ఎలా మెలగాలో తెలిసి ఉండటం, వీటికి కూడా వాళ్లు బ్రీడింగ్ అనే అంటారు. ‘అతనికి మంచి బ్రీడింగ్ ఉంది’ అంటే పద్ధతి తెలిసిన మనిషని. ‘ఇల్‌బ్రెడ్’ అంటే మర్యాద తెలియని మొరటు మనిషని. ఆంబోతును ఆవు మీదికి వదలడానికీ, కచేరీలో కుర్చీ చూపించి కూర్చోమనడానికీ ఒకే మాట ఎలా సరిపోయింది? దాని వెనక వెయ్యేళ్ల కథ ఉంది.

గుడ్ల మీద కూర్చున్న పెట్ట

ఈ మాట ఆంబోతు దగ్గర పుట్టలేదు. గుడ్ల మీద కూర్చున్న పెట్ట దగ్గర పుట్టింది. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో ‘బ్రేడన్’ అని ఒక క్రియ ఉండేది. పొదగడం, వెచ్చగా కాచుకోవడం, పిల్లల్ని సాకడం అని దాని అర్థం. బ్రూడ్ అనే మాట కూడా దాని తోబుట్టువే. బ్రూడ్ అంటే ఒక పెట్ట ఒక్క విడతలో లేపిన పిల్లల గుంపు. జర్మన్ భాషలో పొదగడాన్ని ఈనాటికీ ‘బ్రూటెన్’ అంటారు. ఈ మాటలన్నిటికీ మూలం వేడి అనే భావమేనని భాషా పండితులు చెబుతారు. చూశారా, మూలంలో రక్తం లేదు, వంశం లేదు. ఉన్నదల్లా కడుపు కింది వెచ్చదనం.

కోళ్లు పెంచేవాళ్లకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. బ్రూడర్ అంటే ఏమిటి? తల్లి లేని పిల్లలకు బల్బు పెట్టి తల్లి రెక్కల వేడి ఇచ్చే గొడుగు. మొదటి వారం 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఉంచి, ఆ తర్వాత వారానికి అయిదేసి డిగ్రీలు తగ్గిస్తూ పోతాం. పిల్లలన్నీ బల్బు కింద ఒకదాని మీద ఒకటి పడి మూలుగుతుంటే వేడి చాలలేదని, గోడల వెంట చేరి నోళ్లు తెరుస్తుంటే వేడి ఎక్కువైందని లెక్క. సమానంగా పరుచుకుని తింటూ తాగుతూ ఉంటే సరిపోయినట్టు. పిల్ల ఎంత మేలుజాతిదైనా ఈ మూడు వారాల వెచ్చదనం తప్పితే షెడ్డులో మిగలదు. మాట పుట్టిన చోటే అసలు పాఠం కూడా ఉంది.

ఇందులో ఒక వింత కూడా ఉంది. తెల్ల లెగ్‌హార్న్ లాంటి గుడ్ల కోళ్లను తరతరాలుగా ఎంచి ఎంచి తీశారు. పొదుగుకు కూర్చున్న పెట్ట గుడ్లు పెట్టడం ఆపేస్తుంది గనక, కూర్చునే గుణం ఉన్నవాటిని ఏరి పక్కన పెడుతూ పోయారు. చివరికి ఆ జాతికి గుడ్ల మీద కూర్చోవడమే మరుపుకొచ్చింది. బ్రీడింగ్ చేసి చేసి అసలు బ్రూడింగునే పోగొట్టారన్న మాట! అందుకే ఆ గుడ్లకు ఇంక్యుబేటరు, పిల్లలకు బ్రూడరు. మన నాటు పెట్ట మాత్రం 21 రోజులు తిండి సగం మానుకుని కూర్చుంటుంది. ఏడాదికి అది పెట్టే గుడ్లు తక్కువే. కానీ కరెంటు బిల్లు లేకుండా పిల్లల్ని లేపి, గద్దకు అడ్డం నిలబడి, పురుగును గీకి చూపించి మరీ సాకుతుంది.

మర్యాద ఎప్పుడు చేరింది

సుమారు 1300 నాటికి ఇంగ్లీషులో బ్రీడింగ్ అంటే పొదగడం, ఎదగడం. తర్వాత మెల్లగా పిల్లల పెంపకానికీ చదువుసంధ్యలకూ ఆ మాట వాడకంలోకి వచ్చింది. 16వ శతాబ్దం నడుమకు వచ్చేసరికి ‘బ్రీడ్’ అంటే పశువుల్లో ఒక జాతి అన్న అర్థం స్థిరపడింది. అదే శతాబ్దం చివరికి ‘బ్రీడింగ్’ అంటే మర్యాద అన్న అర్థం కూడా వచ్చేసింది. బాగా పెంచిన పిల్లవాడు బాగా మెలుగుతాడు గనక, పెంపకం పేరే దాని ఫలితానికి కూడా అంటుకుంది.

షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’ నాటకం మొదలవుతూనే గ్లోస్టర్ అనే ప్రభువు ఈ మాట వాడతాడు. పెళ్లి బయట పుట్టిన తన కొడుకును పక్కన నిలబెట్టుకుని, వాడి బ్రీడింగ్ తన లెక్కలోదేనని మరో ప్రభువుతో చెప్పుకొస్తాడు. కన్నదీ నేనే, పెంచిన ఖర్చూ నాదే అని రెండు అర్థాలూ అందులో ఇమిడి ఉన్నాయి. జనం నవ్వుకునేది అక్కడే. ఆ ప్రభువుకు మర్యాద ఎంతుందో కూడా ఆ మాటతోనే బయటపడుతుంది. కొడుకును పక్కనే పెట్టుకుని అలా మాట్లాడేవాడికి బ్రీడింగ్ ఉందందామా!

మన తెలుగులోనూ సరిగ్గా ఇలాంటి మాట ఉంది. పెంపకం. గొర్రెల పెంపకం, కోళ్ల పెంపకం, చేపల పెంపకం అని రోజూ రాస్తాం. పిల్లవాడు పెద్దవాళ్లకు ఎదురు తిరిగితే ‘ఏం పెంపకంరా నీది’ అంటాం. ‘మీ అమ్మా నాన్నా ఇలాగే పెంచారా’ అని దులుపుతాం. ఎక్కడా ఇంగ్లీషువాళ్లను చూసి నేర్చుకున్నది కాదు. పశువునూ పిల్లనూ ఒకే చేత్తో సాకినవాళ్లకు ఒకే మాట తట్టింది, అంతే.

‘నాటు’ సంగతి చూడండి. నాటు కోడి అంటే ఊళ్లో పుట్టి ఊళ్లో తిరిగిన కోడి. మనిషిని ‘నాటుగా మాట్లాడాడు’ అంటే మొరటుగా అన్నాడని. జాతి మాట తిరిగి తిరిగి మర్యాద మాటైంది. అయితే తిట్టుగా వాడే ఆ నాటుకు సంతలో ఎంత ధర పలుకుతోందో, బ్రాయిలరు పక్కన పెట్టి అడిగి చూడండి. ఇక ఆంబోతు. ఇంగ్లీషులో బ్రీడింగ్ అంటే మర్యాద అయితే, మన దగ్గర ఆ పని చేసే ఆంబోతే అమర్యాదకు గుర్తు. పని లేకుండా తిరుగుతూ అందరి మీదా పడేవాణ్ణి ‘అచ్చోసిన ఆంబోతు’ అంటాం. దేవుడి పేరు మీద అచ్చు వేసి వదిలిన ఆంబోతును ఎవరూ కట్టేయరు, కొట్టరు. ఏ చేలో పడి మేసినా అడిగేవాడు ఉండడు. తిట్టు వచ్చింది అందుకే. కానీ ఒకప్పుడు ఊరి మందకు మేలైన దూడలు వచ్చింది ఆ ఆంబోతు వల్లే. ఊరంతా కలిసి ఒక మంచి కోడెను ఎంచి మేపడమంటే అది ఆ రోజుల పశుగణాభివృద్ధి పథకమే. తిట్టు మాత్రం మిగిలింది, ఆంబోతు చాలా ఊళ్లలో లేకుండా పోయింది.

కొంగ కాలు, మందకు కంచె

పుట్టుక పెంపకాన్ని వెనక్కి నెట్టి ముందుకొచ్చింది 18వ శతాబ్దంలో. ఇంగ్లండులోని లెస్టర్‌షైర్‌లో డిష్లీ అనే చోట రాబర్ట్ బేక్‌వెల్ అనే రైతు ఉండేవాడు. 1725లో పుట్టాడు, 1795లో పోయాడు. అప్పటిదాకా అక్కడా మన దగ్గరలాగే పొట్టేళ్లూ గొర్రెలూ కలిసే మేసేవి. ఏది దేనితో కట్టిందో ఎవరికీ పట్టేది కాదు. బేక్‌వెల్ మగవాటిని వేరు చేశాడు. తనకు కావలసిన గుణం, అంటే తొందరగా కండ పట్టడం, ఉన్నవాటినే ఎంచి జతకట్టించాడు. దగ్గర చుట్టరికం ఉన్నవాటిని కూడా మళ్లీ మళ్లీ కలిపాడు. ఆ గుణం గట్టిపడింది. న్యూ లెస్టర్ గొర్రె అలా వచ్చింది. పొట్టేళ్లను అమ్మకుండా సీజనుకు ఇంత అని అద్దెకిచ్చి సంపాదించాడు. అద్దెకిచ్చినవాటి పిల్లలు ఇతరుల మందల్లో ఎలా వస్తున్నాయో చూసి, ఏ పొట్టేలు సత్తా ఎంతో తేల్చుకున్నాడు. ఆంబోతును దాని దూడలను బట్టి అంచనా వేసే ఇప్పటి పద్ధతికి మొదటి మెట్టు అదే.

ఆ కాలంలోనే పందెపు గుర్రాల వంశాలు రాసిపెట్టే పుస్తకం 1791లో ఇంగ్లండులో మొదలైంది. ‘పెడిగ్రీ’ అన్న మాట వింటుంటాం కదా. పాత ఫ్రెంచిలో దానికి అర్థం కొంగ కాలు. వంశవృక్షం గీసేటప్పుడు ఒక గీత నుంచి మూడు గీతలు చీలితే బురదలో కొంగ అడుగు పడినట్టుంటుంది. పొలం గట్ల మీద తిరిగే మనకు ఆ బొమ్మ వెంటనే కళ్లకు కడుతుంది.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, గొర్రెలకూ గుర్రాలకూ పనికొచ్చిన లెక్కను మనుషులకు కూడా కట్టాలని చూశారు. మర్యాద అన్నది పెంపకం వల్ల వస్తుందని చెప్పిన మాటనే, మర్యాద పుట్టుకతో వస్తుందని తిప్పేశారు. గొప్ప ఇంట పుట్టినవాడే మర్యాదస్తుడు అన్నారు. జెంటిల్‌మన్ అనే మాట చూడండి. అందులోని జెంటిల్‌కు లాటిన్ మూలం ‘ఒకే వంశంవాడు’ అని. తర్వాతే మెత్తనివాడు, మంచివాడు అన్న అర్థాలు వచ్చాయి. 1883లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లీషు పండితుడు మనుషుల్లో మేలుజాతి తీయడమనే ఆలోచనకు ‘యూజెనిక్స్’ అని పేరు పెట్టాడు. 1907లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, పిల్లల్ని కనడానికి తగరని తాము అనుకున్నవాళ్లకు బలవంతంగా ఆపరేషన్లు చేసే చట్టం తెచ్చింది. 1933లో హిట్లర్ జర్మనీ అలాంటి చట్టమే చేసి లక్షల మందికి కత్తి పెట్టింది. అక్కడితో ఆగలేదని లోకానికంతా తెలుసు.

మనకు ఈ జబ్బు దిగుమతి కానక్కర్లేదు. ‘జాతి బుద్ధి’ అన్న మాట రచ్చబండల కాడ ఇప్పటికీ వినబడుతుంది. సంకరం అన్న మాటనే తీసుకోండి. మనుషుల విషయంలో దాన్ని తిట్టుగా వాడారు. అదే సంకర జాతి జొన్న, సంకర జాతి ఆవు అంటే మాత్రం ఎదురెళ్లి కొంటారు. రోమన్లూ ఇంతే. లాటిన్‌లో ‘హిబ్రిడా’ అంటే పెంపుడు ఆడపందికి అడవి పంది వల్ల పుట్టిన పిల్ల. తండ్రి రోమన్, తల్లి పరదేశీ అయిన మనిషిని కూడా అదే మాటతో పిలిచేవారు. ఆ పందిపిల్ల పేరే ఈనాడు మన పత్తి సంచి మీద హైబ్రిడ్ అని మెరుస్తోంది. పశువు జాతి దాని పాలను చెబుతుంది. మనిషి పుట్టిన ఇల్లు వాడి నడవడికను చెప్పదు. అది పెంచినవాళ్ల చేతిలోది, ఆ తర్వాత వాడి చేతిలోది.

సంచి మీద మాటలు

ఇప్పుడు మన జేబుకు సంబంధించిన సంగతికి వద్దాం. ఎక్కువ దిగుబడి ఇచ్చే ప్రతి విత్తనాన్నీ హైబ్రిడ్ అనడం మనకు అలవాటైంది. స్వర్ణ, సాంబ మసూరి హైబ్రిడ్‌లు కావు. రెండు రకాలను కలిపి, ఆ తర్వాత చాలా తరాలు ఎంచుకుంటూ వచ్చి, గుణం నిలకడకొచ్చాక వదిలిన సూటి రకాలు. మారుటేరులో తీసిన స్వర్ణకు తల్లిదండ్రులు వసిష్ట, మసూరి. బాపట్లలో తీసిన సాంబ మసూరిలోనూ మసూరి రక్తం ఉంది. వీటి గింజను మీ చేలోనుంచే తీసి మళ్లీ వేసుకోవచ్చు. వరి పువ్వు తనకు తానే పుప్పొడి పట్టించుకుంటుంది గనక బిడ్డ తల్లిలాగే వస్తుంది. వేరుశనగ, మినుము, పెసరలదీ అదే దారి. కందికి మాత్రం తేనెటీగలు పొరుగు చేలోని పుప్పొడి తెస్తాయి. కాబట్టి విత్తనానికి ఉంచే కంది పక్కన వేరే రకం లేకుండా చూసుకోవాలి.

హైబ్రిడ్ కథ వేరు. రెండు వేర్వేరు తల్లిదండ్రుల్ని ప్రతి ఏడూ కొత్తగా కలిపి తీసిన మొదటి తరం గింజ అది. ఆ ఒక్క తరమే ఏపుగా, సమానంగా వస్తుంది. దాని గింజను దాచి వేస్తే ఏమవుతుందో మెండెల్ అనే క్రైస్తవ సన్యాసి బఠానీలతో తేల్చి 1866లో అచ్చు వేశాడు. పొడుగు మొక్కనూ పొట్టి మొక్కనూ కలిపితే మొదటి తరమంతా పొడుగే. వాటి గింజలు వేస్తే రెండో తరంలో నాలుగింట మూడు పొడుగు, ఒకటి పొట్టి. కనబడకుండా దాక్కున్న పొట్టి మళ్లీ తల ఎత్తుతుంది. ఇది ఒక్క గుణం లెక్క. పైరులో ఇలాంటి గుణాలు వేలల్లో ఉంటాయి. అన్నీ ఒక్కసారి విడిపోతే చేను ఒక మొక్క మోకాలి దాకా, ఒకటి నడుము దాకా, ఒకటి ముందు పూసి ఇంకొకటి తర్వాత పూసి అందవికారంగా తయారవుతుంది. మొక్కజొన్న, పత్తి, సంకర టమాటా, మిరప వేసేవాళ్లు గింజ దాచుకుంటే జరిగేది ఇదే. ఇంటి పెరట్లో పెంచే వనరాజా, గ్రామప్రియ కోళ్లకూ ఇది వర్తిస్తుంది. వాటి గుడ్లను నాటు పెట్ట కింద పెట్టి పొదిగించవచ్చు గానీ, వచ్చిన పిల్లలు తల్లి అంత బరువూ గుడ్లూ ఇస్తాయని లెక్కలు వేసుకోవద్దు.

ప్రపంచంలో వాణిజ్యానికి వచ్చిన మొదటి పత్తి హైబ్రిడ్ మన దేశందే. 1970లో గుజరాత్‌లోని సూరత్‌లో హెచ్-4 విడుదలైంది. మొగ్గలో మగ భాగాన్ని గోటితో గిల్లి తీసేసి, మర్నాడు పొద్దున్నే వేరే రకం పుప్పొడి రాయాలి. కూలీలు చేసే ఆ పనికే క్రాసింగ్ అని పేరు. కర్నూలు, గద్వాల వైపు రైతులకు ఇది కొత్త కాదు. ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. చేతివేళ్లు సన్నగా ఉంటాయనీ, కూలి తక్కువనీ ఈ పనికి చిన్న పిల్లల్ని, అందులోనూ ఆడపిల్లల్ని బడి మానిపించి దించిన సంగతి 1990ల చివర్లో పెద్ద ఎత్తున బయటపడింది. విత్తనానికి మంచి బ్రీడింగ్ చేయడానికి బిడ్డల పెంపకాన్ని తాకట్టు పెట్టినట్టయింది. విత్తన పంట ఒప్పుకునే రైతులు కంపెనీ ఇచ్చే ధరలో పెద్దవాళ్ల కూలి గిట్టుతుందో లేదో ముందే లెక్క చూసుకుని సంతకం పెట్టాలి.

‘బ్రీడర్ సీడ్’ను గొప్ప హైబ్రిడ్ అని చెప్పి అమ్మేవాళ్లుంటారు. బ్రీడర్ అంటే ఆ రకాన్ని తీసిన శాస్త్రవేత్త. అతని కళ్ల ముందు పండిన కొద్దిపాటి శుద్ధ విత్తనమే బ్రీడర్ సీడ్. దానికి బంగారు పసుపు రంగు ట్యాగు ఉంటుంది. దాన్ని పెంచితే ఫౌండేషన్, అంటే మూల విత్తనం. దానికి తెల్ల ట్యాగు. దాన్ని మళ్లీ పెంచితే సర్టిఫైడ్, అంటే ధ్రువీకరించిన విత్తనం. దానికి నీలం ట్యాగు. తాత, తండ్రి, మనవడు అనుకోండి. మన చేనుకు కావలసింది మనవడే. తాతను విత్తనం పెంచేవాళ్లకు వదిలేయండి. ధ్రువీకరణ లేకుండా అమ్మకందారు తన బాధ్యత మీద అమ్మేదాని మీద ఆకుపచ్చ లేబులు ఉంటుంది. అందులో మంచివీ ఉంటాయి. కానీ దాని శుద్ధికి పూచీ అమ్మినవాడిదే గనక బిల్లు తప్పనిసరి. మొలక శాతం వరికి 80, వేరుశనగకు 70, అపరాలకు 75కు తగ్గకూడదన్నది నియమం. వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెలో చుట్టి ఉంచి మొలకలు ఎంచితే ఇంట్లోనే తేలిపోతుంది.

సొంత విత్తనం తీసుకునేవాళ్లు గట్ల వెంట మూడు మీటర్లు వదిలి చేను నడిమధ్య నుంచి తీయండి. పూత మీదా, గింజ పట్టాకా రెండుసార్లు తిరిగి బెరుకులు పీకేయండి. వరి గింజలో తేమ 13 శాతం మించకుండా ఎండబెట్టండి. ఇలా మూడేళ్లు వాడి, నాలుగో ఏట నీలం ట్యాగు సంచి కొత్తగా తెచ్చుకుంటే సరిపోతుంది. గింజ దాచుకోవడం, వేసుకోవడం, పొరుగువాడికి ఇచ్చిపుచ్చుకోవడం, అమ్ముకోవడం రైతు హక్కులని 2001 నాటి చట్టం చెబుతోంది. కాకపోతే ఆ చట్టం కింద నమోదైన రకాన్ని సంచిలో పోసి బ్రాండు పేరుతో అమ్మకూడదు. కొన్న విత్తనం మోసం చేస్తే? బిల్లు, ఖాళీ సంచి, దాని ట్యాగు, గుప్పెడు గింజలు పంట ఇంటికొచ్చేదాకా భద్రంగా ఉంచండి. విత్తనం కొన్న రైతు వినియోగదారుడే, వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చునని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసులో ఉన్నది మన ప్రాంతపు రైతులే.

మందలో చుట్టరికం

బేక్‌వెల్ దగ్గరి చుట్టాలను కలిపి జాతి తీశాడని చెప్పుకున్నాం. అతను లోపం కనబడ్డ ప్రతిదాన్నీ మందలోంచి తీసేయగలిగాడు. అన్ని గొర్రెలు, అంత భూమి ఉన్నాయి మరి. రెండు బర్రెలు, ఇరవై గొర్రెలు ఉన్న మనకు ఆ ఆట కుదరదు. తండ్రి పొట్టేలు కూతురు గొర్రెను కడితే పుట్టే పిల్లలో పాతిక శాతం అంతఃప్రజననం చేరినట్టు లెక్క. బలహీనపు పిల్లలు, ఈడు మీరినా కట్టని గొర్రెలు, ఉన్నట్టుండి చచ్చే కూనలు, అన్నీ దాని ఫలితాలే. చాలామంది దాన్ని గాలి అనో దిష్టి అనో అనుకుంటారు. పాతిక, ముప్పై గొర్రెలకు ఒక పొట్టేలు చాలు. దాన్ని రెండేళ్లకోసారి మార్చండి. అమ్మడం ఇష్టం లేకపోతే దూరపు ఊరి కాపరితో మార్పిడి చేసుకోండి. ఇద్దరికీ పైసా ఖర్చు ఉండదు. మందలో పుట్టిన మగపిల్లను బాగుందని ముద్దుచేసి పొట్టేలుగా ఉంచేయడమే అసలు తప్పు.

ఆవులకూ బర్రెలకూ సూది వేయించినప్పుడు స్ట్రా మీద ఆంబోతు నంబరు, జాతి అచ్చువేసి ఉంటాయి. ఆ రెండూ ఒక నోటు పుస్తకంలో తేదీతో రాయించుకోండి. లేదంటే మూడేళ్ల తర్వాత అదే ఆంబోతు వీర్యం దాని సొంత కూతురికే పడే ప్రమాదం ఉంది. పొద్దున ఎద కనబడితే సాయంత్రం, సాయంత్రం కనబడితే మర్నాడు పొద్దున వేయించాలి. బర్రెలు అరవకుండానే మూగ ఎదకు వస్తాయి. తీగలూ, పాలు ఉన్నట్టుండి తగ్గడమూ చూసి పట్టుకోవాలి. తప్పితే మళ్లీ 21 రోజులు. ఆ 21 రోజుల మేత ఖర్చు ఎంతో మీకే తెలుసు.

ఇక జాతి ఎంపిక. పరదేశీ రక్తం సగానికి మించకుండా ఉంటే మన ఎండలకు, మన మేతకు ఆవు తట్టుకుంటుంది. ఇంకా పెంచుకుంటూ పోతే పాలేమోగాని డాక్టరు బిల్లు పెరుగుతుంది. మన జాతుల్ని మనమే తక్కువ చేసుకున్న సంగతికి ఒంగోలు పశువే సాక్షి. 19వ శతాబ్దంలో ఓడల మీద బ్రెజిల్ వెళ్లిన మన పశువులకు అక్కడివాళ్లు మన నెల్లూరు పేరే పెట్టి ‘నెలోరె’ అన్నారు. ఆ దేశపు మాంసపు పశువుల్లో అత్యధిక భాగం ఇప్పుడు అవే. వాళ్లు కొంగ కాళ్లు గీసి ప్రతి దూడ వంశమూ రాసుకున్నారు, మనం ట్రాక్టరు వచ్చిందని ఎద్దును సంతకు తోలాం. చిత్తూరు వైపు పుంగనూరు పొట్టి ఆవు అంతరించే దశకు చేరితే పలమనేరు పశు పరిశోధనా స్థానం కొన్నిటిని కాపాడుకొచ్చింది. గుంటూరు దగ్గర లాం ఫారంలో ఒంగోలు జాతి మీద పని జరుగుతోంది.

మీ ఊళ్లో ఇంకా మంచి ఒంగోలు కోడె ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే, అమ్మేలోపు దగ్గరలోని పశువైద్యుణ్ణి ఒకసారి పిలిచి చూపించండి. తల్లి ఎన్ని పాలిచ్చిందో, ఏ ఆంబోతుకు పుట్టిందో మీకు గుర్తున్నంతవరకు చెప్పి రాయించండి.